నేపుల్స్ శాంటా కియారా: బరోక్ అలంకరణను విడిచిపెట్టడం న్యాయమేనా?

తోరణం:
ఇటలీలోని నేపుల్స్‌లో రాజు రాబర్ట్, రాణి సాంచా 1310లో ప్రారంభించిన ఈ శాంటా కియారా గోతిక్ (మధ్యయుగపు యూరప్ నిర్మాణ శైలి) చర్చి లోపలి భాగాన్ని 18వ శతాబ్దంలో సున్నపు గార, రంగు పాలరాళ్లు, కుడ్యచిత్రాలతో ఆడంబరమైన బరోక్ శైలిలోకి మార్చారు. 1943 ఆగస్టు 4న మిత్రరాజ్యాల బాంబు దాడిలో చెలరేగిన మంటలకు కప్పుతో పాటు ఆ అలంకరణలో అధికభాగం నాశనమైంది. 1953లో తలుపులు తిరిగి తెరిచేనాటికి చర్చి 14వ శతాబ్దపు రూపానికి చేరింది. ఈ ఎంపిక సరైనదేనా?

రాతిగోడ:
సరైనదే. కప్పు మీద సెబాస్టియానో కోంకా, ఫ్రాంచెస్కో డె మూరా వేసిన చిత్రాలు కాలిపోయాయి. వాటిని ఫొటోలు చూసి మళ్లీ వేయిస్తే అది నకలే అవుతుంది తప్ప వారి పని కాదు. రాతి గోడలు మాత్రం నిజంగా మిగిలాయి. మిగిలినదాన్ని ఆధారం చేసుకుని కట్టడమే నిజాయితీ.

కుడ్యలేఖ:
రాతిగోడ గారూ, కాలిపోయిన చిత్రాలను మళ్లీ వేయకూడదనే మాటను నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా మంటలు మిగిల్చిన అలంకరణ గురించే. అగ్నికి ఆహుతి కాని బరోక్ భాగాలను కూడా చాలాచోట్ల మనుషులే తొలగించారు, అది నాకు బాధ కలిగిస్తుంది. ఏ కాలపు శైలినీ మినహాయించకుండా గతకాలపు కళను గౌరవించాలని చారిత్రక కట్టడాల పునరుద్ధరణపై వచ్చిన 1931 నాటి ఏథెన్స్ పత్రం అప్పటికే చెప్పింది కాబట్టి, ఆనాటి వారికి ఈ ఆలోచన తెలియదని సర్దిచెప్పుకోలేం. పైగా ఇప్పుడు మనం చూస్తున్న బోసి గోడలే అసలు గోతిక్ రూపమని నమ్మడం కూడా కష్టం. రాబర్ట్ పిలుపు మీద 1328లో నేపుల్స్ వచ్చిన ఇటలీ చిత్రకారుడు జొట్టో ఇక్కడ చిత్రాలు వేశాడు. కన్యాస్త్రీలు ప్రార్థనకు కూర్చునే వెనుక మందిరంలో వాటి ముక్కలు కొన్ని మిగిలాయి. అంటే ఆ శతాబ్దానికీ రంగులున్నాయి. రెండు వందల ఏళ్లు నగరం కొలిచిన రూపాన్ని పక్కనపెట్టి మనం పొందినది 20వ శతాబ్దం ఊహించుకున్న గోతిక్ మాత్రమే.

రాతిగోడ:
జొట్టో విషయం బలమైనదే. అయినా యుద్ధంలో చితికిపోయిన నగరానికి త్వరగా ఒక చర్చి కావాలి. అతుకుల బొంతలా కనిపించే గోడల మధ్య పూజ జరపడం భక్తులకు రుచించేదా?

కుడ్యలేఖ:
తీవ్రంగా దెబ్బతిన్న రాబర్ట్ సమాధి ఈనాటికీ లోపాలతోనే వేదిక వెనుక నిలిచి ఉంది, భక్తులు దాని ముందే మోకరిల్లుతున్నారు. రాజు సమాధికి దక్కిన ఆ మన్నన గారపనికీ దక్కవలసింది.