కొలీగ్ వాళ్ల నాన్నగారు పోయారు, ఇప్పుడే వెళ్లాలా, పెద్దకర్మకి వెళితే సరిపోతుందా?

నల్లరేగడి:
మా టీమ్‌లో ఒకతని నాన్నగారు మొన్న రాత్రి పోయారు. వాళ్లది తెనాలి పక్కన ఊరు, నేనుండేది హైదరాబాద్. మెసేజ్ పెట్టాను కానీ ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ చేయలేదు. పెద్దకర్మ కార్డు ఇంకా రాలేదు, పిలవకుండా వెళ్లొచ్చా? పైగా వచ్చే నెల మా చెల్లి పెళ్లి, శుభకార్యం పెట్టుకుని చావింటికి వెళ్లడమేంటని అమ్మ గొడవ. వెళితే ఏం పట్టుకెళ్లాలి?

సందుచివరిల్లు:
పిలిస్తే వెళ్లేది పెళ్లికండీ, చావుకి పిలుపు కోసం చూడకూడదు. కార్డు పెద్దకర్మ భోజనాలకి, పలకరింపు ఆలోపే అయిపోవాలి. మంగళ, శుక్రవారాలు మాత్రం వద్దు, చాలా ఇళ్లలో పట్టింపు ఉంటుంది. వెళ్లి పక్కన కూర్చోండి, ఎలా జరిగిందని ఒక్కసారి అడిగితే చాలు, వాళ్లమ్మగారే చెప్పుకుంటారు. ఏ హాస్పిటల్, ముందే ఎందుకు చూపించలేదు అని ఎంక్వయిరీలు వద్దు, వచ్చినవాళ్లందరూ అదే అడిగితే పాపం అతను పదో రోజుకి పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంటాడు. లేచేటప్పుడు వెళ్లొస్తానని అనకూడదు. వాళ్లూ మళ్లీ రమ్మనరు, గుమ్మం దాకా రారు, మర్యాద తెలియదనుకునేరు! చెయ్యి ఒకసారి పట్టుకుని వచ్చేయడమే.

మెతుకుసీమ:
మా మెదక్ దిక్కు దినాలకు బట్టలు పెట్టేది చుట్టాలు, దోస్తులకు ఆ లెక్క లేదు. పళ్లు చాలు, స్వీట్లు తీసుకుపోకు అన్నా. పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటోళ్లే వండి తెస్తారు, ఆ తర్వాత కూడా వచ్చేపోయే జనంతో వాళ్లకు తీరిక ఉండదు, కాబట్టి దారిలోనే తిని పో. డబ్బు సాయం చేయాలనుంటే నలుగురి ముందు కవరు చేతిలో పెట్టకు, విడిగా అడుగు.

సందుచివరిల్లు:
అమ్మగారి సంగతి మరిచిపోయాను. పది రోజుల మైల జ్ఞాతులకి, అంటే వాళ్ల దాయాదులకి, మీకు కాదు. ఇంటికి రాగానే బయటే బట్టలు వదిలేసి తలస్నానం చేస్తానని చెప్పండి, చాలామంది అమ్మలు అక్కడికి ఒప్పుకుంటారు. పందిట్లో రాట వేశాక అయితే నేనూ వెళ్లొద్దనే అనేదాన్ని.

చినపాస్టరుగారబ్బాయి:
ఇదంతా వాళ్లు హిందువులైతే. మా క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక పెడతారు, దానికి వెళ్లి ప్రార్థనలో కూర్చున్నా పలకరించినట్టే. ముస్లింలైతే పరామర్శలు మామూలుగా మూడు రోజుల్లోపే, ఆలస్యం చేయకండి.

నల్లరేగడి:
హిందువులే అండి. ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నా, అమ్మ తలస్నానం షరతు మీద ఒప్పుకుంది. టీమ్‌లో ఇంకో ముగ్గురు నా కారులోనే వస్తామంటున్నారు, ఫర్వాలేదా?

మెతుకుసీమ:
రానీ. కాకపోతే నలుగురు ఒక దగ్గర కూర్చుంటే ఆఫీసు ముచ్చట్లు వాటంతటవే మొదలైతాయి. అవన్నీ కారులోనే అవగొట్టుకోండి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని లోపలికి పోండి.