మధ్య గదిలో పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది

ప్రశ్న: విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్, అద్దె ఇల్లు. పక్కవాళ్ళ గోడ మా కిటికీకి మూరెడు దూరంలోనే ఉంది. మధ్య గది మా అత్తయ్యగారిది. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వెలగాల్సిందే. వానాకాలంలో బీరువా తెరిస్తే చీరలన్నీ ముక్క వాసన. ఆవిడకి ఆయాసం, అదే నా టెన్షన్. ఓనరుగారు గోడలు ముట్టుకోనివ్వరు. ఏం చేయొచ్చు?

జవాబు: అమ్మా, ముందు గాలి సంగతి చూడండి. లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండాలి. పొద్దున్నే వీధి తలుపు, వంటింటి కిటికీ, మధ్య గది తలుపు మూడూ తీసి ఉంచండి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి వెంటిలేటర్లకి ఏదీ అడ్డం పెట్టకండి. బీరువాని గోడకి జానెడు ఎడంగా జరపండి, వెనక చెమ్మ ఆరుతుంది.

ఇంకో జవాబు: నేను ఇళ్ళు కట్టిస్తాను. మనలాంటి వేడి, తేమ ఉన్న చోట కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది నేలలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. అంటే 120 చదరపు అడుగుల గదికి 20. మీకది కుదరదు కాబట్టి, పక్కవాళ్ళని అడిగి ఆ ఎదురుగోడకి తెల్ల సున్నం కొట్టించండి. పైనుంచి పడే వెలుగు దాని మీద నుంచి మీ గదిలోకి వస్తుంది. ఖర్చు తక్కువ, తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పక్కింటి పిన్నిగారు సరేనన్నారు! మరి దోమలో?

జవాబు: నెట్ కొట్టించండి, కానీ నెలకోసారి కడగండి. దుమ్ము పట్టిన నెట్ గాలిని ఆపేస్తుంది.