చిత్రం పక్కన చిత్రకారుడి వివరణ ఉండాలా?

అచ్చుపలక:
ఏ కళాప్రదర్శనకు వెళ్లినా, అది వర్ణచిత్రాలదైనా వీడియోలదైనా వస్తువులను గదిలో అమర్చి చేసే ఇన్‌స్టలేషన్లదైనా, గోడ మీద కళాకారుడి వివరణ ఒక పుట నిండుగా కనిపిస్తోంది. జనం ముందుగా దాన్ని చదివి, అందులో ఉన్నది బొమ్మలో ఉందో లేదో సరిచూసుకుని ముందుకు కదులుతున్నారు. ఇది చూసే అలవాటునే పోగొడుతోందని నా వాదన. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో అచ్చుచిత్రాల పని నేర్చి, లోహపు పలకను ఆమ్లంతో కొరికించి అచ్చు తీసే ఎచింగ్‌తో పాటు గాజు వెనుక వేసే చిత్రాలు, టెర్రకోట, కంచు, ఇలా ఎన్నో మాధ్యమాల్లో పని చేశారు. మాధ్యమం మారినా ఆ మేకలు, ఆ చెట్లు, ఆ పల్లె ఆడామగా ఆయన చేతివేనని చూడగానే తెలిసిపోతుంది. జి. రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాస్‌తో చేసిన భారీ స్త్రీ శిరస్సులు మరో ఉదాహరణ: కొప్పు నిండా పూలు, బంగారు పూత, రెప్ప వేయని కళ్లు. వాటి ముందు నిలబడ్డవారికి ఏ కాగితం కావాలి? 2012లో అలిక్స్ రూల్, డేవిడ్ లెవీన్ అనే ఇద్దరు, ఏళ్ల తరబడి వచ్చిన గ్యాలరీ ప్రకటనలను పోగుచేసి పరిశీలించి, ఎక్కడి కళాకారుడి గురించైనా ఒకే మూసలో పోసిన ఇంగ్లీషు వాడుతున్నారని చూపించారు. మన గోడల మీదికి వస్తున్నది ఆ మూసే.

పటంకథ:
అచ్చుపలక గారూ, మీరు చెప్పిన ఇద్దరి పనీ మనకు నేరుగా అందడానికి కారణం, ఆ పల్లె, ఆ కొప్పు మనం ముందే ఎరిగినవి కావడం. ఎరగనివాటి సంగతేమిటి? రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన కొచ్చి బినాలే 2012లో మొదటిసారి జరిగినప్పుడు, కళాకారుడు వివాన్ సుందరం కుండపెంకులు పరిచి ఒక నగరం లాంటి ఆకృతిని నిర్మించారు. ఆ పెంకులు ప్రాచీన ముజిరిస్ రేవు అక్కడే ఉండేదని పలువురు భావిస్తున్న ‘పట్టణం’ అనే పేరున్న కేరళ గ్రామంలోని తవ్వకాల్లో దొరికినవి. ఆ సంగతి చెప్పకపోతే చూసేవారికి మిగిలేది కుండపెంకుల గుట్టే. జోసెఫ్ కోసుత్ 1965 నాటి పనిలో ఒక కుర్చీ, దాని ఫోటో, నిఘంటువులో దాని అర్థం మూడూ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ రాత తీసేస్తే కళాఖండమే ఉండదు. మార్సెల్ డ్యూషాంప్ 1917లో న్యూయార్క్ ప్రదర్శనకు కళాఖండంగా పంపిన మూత్రపాత్ర అసలుది ఏనాడో పోయింది, నిలిచింది దాని ఫోటో, దానిని సమర్థిస్తూ ఒక చిన్న పత్రికలో వచ్చిన రాత. అంతెందుకు, కథను వరుస బొమ్మలుగా గీసిన పొడవాటి చుట్ట, మన చేర్యాల పటం ఏనాడైనా కథ చెప్పేవాడు లేకుండా ఊళ్లోకి వచ్చిందా? బొమ్మ మౌనంగానే ఉండాలన్నది మన సంప్రదాయం కానే కాదు.

నకాషీవీధి:
చేర్యాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. పటం గీసేది నకాషీ అనే చిత్రకారుడు, కథ చెప్పేది వేరొకరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. గీసినవాడు తన ఉద్దేశమేమిటో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల మీద బొమ్మల వెంట తెలుగులో వాక్యాలు రాసి ఉంటాయి, నిజమే. అవి చెప్పేది ఆ గడిలో ఎవరున్నారో, ఏం జరుగుతోందో మాత్రమే. కాబట్టి పటంకథ గారి ఉదాహరణ ఆయన వాదానికే ఎదురు తిరుగుతోంది. బొమ్మకు మాట తోడుండటం వేరు, బొమ్మ వేసినవాడే వ్యాఖ్యాతగా కూడా నిలబడాలని పట్టుబట్టడం వేరు.

జింకుపలక:
నేను ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చుచిత్రాల విద్యార్థినిని. పెద్దలు గోడ మీది కాగితం గురించి వాదిస్తున్నారు, కానీ ఆ కాగితం ప్రదర్శనకు చాలా ముందే, దరఖాస్తు ఫారంలో మొదలవుతుంది. నా తోటి విద్యార్థిని ఒకామె, ఎచింగ్‌లోనే నలుపు ఛాయలు తెచ్చే ఆక్వాటింట్ చేస్తుంది. జింకు పలక మీద రోజన్ అనే బంక పొడి సమంగా రాలేలా చల్లి, కింద నుంచి వేడి చేసి అంటించి, నైట్రిక్ ఆమ్లంలో ముంచుతుంది. ఎంతసేపు ఉంచితే ఎంత నలుపు వస్తుందో, వర్షం పడే సాయంత్రపు ఆకాశానికి తనకు ఏ నలుపు కావాలో, దానికోసం ఏ భాగాన్ని వార్నిష్‌తో ఎప్పుడు మూసిందో ఆమె తెలుగులో చెబుతుంటే ఎంతసేపైనా వినవచ్చు. అదే, కళాకారులు కొంతకాలం ఉండి పని చేసుకునే ఒక రెసిడెన్సీకి ఇంగ్లీషులో రాసి పంపితే, పనితనం బాగున్నా ఆలోచన స్పష్టంగా లేదని జవాబు వచ్చింది. ఆమె ఆలోచించేదే ఆ పనితనంతో అని వారికి తట్టలేదు. వివరణ ఉండాలా వద్దా అనే ప్రశ్న కంటే, ఎవరి భాషలో, దేని గురించి అనే ప్రశ్న నాకు ముఖ్యం.

అచ్చుపలక:
జింకుపలక గారు చెప్పిన వివరణకు నాకు అభ్యంతరం లేదు. నేను గోడ మీద చూడాలనుకునేది అదే. పెంకులు ఎక్కడివో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, ఆమ్లంలో ఎంతసేపు ఉంచారో చెప్పవచ్చు. ఆ పెంకులు నాలో ఏ భావం కలిగించాలో కూడా రాసిపెడితేనే పేచీ. పటంకథ గారి కోసుత్ ఉదాహరణ ఇక్కడ చెల్లదు, ఎందుకంటే అక్కడ రాత కళాఖండంలో భాగమే తప్ప దాని మీద తీర్పు కాదు. దరఖాస్తుల విషయానికొస్తే, రాత బదులు తెలుగులో మాట్లాడిన ఐదు నిమిషాల రికార్డింగును ఎంపిక సంఘాలు ఎందుకు తీసుకోకూడదు?

జింకుపలక:
తీసుకోవచ్చు, కానీ ఆ సంఘంలో తెలుగు తెలిసినవారు కనీసం ఒక్కరైనా ఉండాలి. నాకు తెలిసిన దరఖాస్తుల్లో ఆ ఒక్కరూ ఉన్న జాడ లేదు.