నీలాంకరైలో పడమటి కిటికీలు: ఫ్రేము దేనితో చేయించాలి?

కొత్తిల్లు_నీలాంకరై:
చెన్నై నీలాంకరైలో తీరానికి కిలోమీటరు లోపే ఇల్లు కడుతున్నాం. పడమటి వైపు రెండు ఏసీ గదులు, కిటికీలు 6 అడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. రియాద్‌లో ఉన్న అన్నయ్య థర్మల్ బ్రేక్ (మధ్యలో వేడిని ఆపే పట్టీ) ఉన్న అల్యూమినియం పెట్టమంటాడు, మేస్త్రీ టేకు అంటాడు, షాపువాళ్లు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అంటున్నారు. ఇంట్లో అందరికీ ముదురు గోధుమ రంగే కావాలి. ఏది నిలుస్తుందండీ?

చట్రం:
ఎడారి సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది. అక్కడ గాలి పొడి, బెడద దుమ్ముది. మనకు ఉప్పుగాలి, తేమ.

యూపీవీసీకి రంగే తిరకాసు. మీటరు పొడవు ముక్క 10 డిగ్రీలకు 0.7 నుంచి 0.8 మి.మీ. సాగుతుంది. ముదురు రంగు ఫ్రేము ఎండలో 65 డిగ్రీలకు చేరిందంటే, 25 నుంచి లెక్కేసుకున్నా మీ 6 అడుగులకు 5 మి.మీ. పైమాటే. తెలుపైతే అందులో సగం. అందుకే గోడకీ ఫ్రేముకీ మధ్య ప్రతి పక్కా కనీసం 5 మి.మీ. వదలాలి. చాలామంది మేస్త్రీలు ఆ సందులో సిమెంటు కూరేస్తారు. ఫ్రేము సాగడానికి చోటుండదు, మధ్యలో ఉబ్బుతుంది, రెక్క ఇరుక్కుంటుంది. సందులో ఫోమ్ తాడు పెట్టి, పైన న్యూట్రల్ సిలికాన్ వేయించండి. పులుపు వాసన కొట్టే సిలికాన్ వద్దు, ఇనుమును తినేస్తుంది. స్క్రూలు మూలకు 150 మి.మీ. దూరంలో మొదలుపెట్టి, 600 మి.మీ.కు ఒకటి చొప్పున. ఫ్రేము లోపల బలానికి పెట్టే ఉక్కు జింక్ పూతదేనా, ఎంత మందం అన్నది కొటేషన్‌లో రాయించుకోండి. ప్రొఫైల్ (ఫ్రేము కడ్డీ) యూరప్ ప్రమాణం ఈఎన్ 12608లో ‘ఎస్’ తరగతిదై ఉండాలి, వేడి దేశాలకు పెట్టిన వర్గం అదే.

ఉప్పుగాలి:
గోధుమ రంగు మీద అంత పట్టుంటే అల్యూమినియమే నయం. అది సాగేది యూపీవీసీలో మూడో వంతే. కాకపోతే వేడిని వెయ్యి రెట్లు లోపలికి పంపుతుంది, కాబట్టి మధ్యలో పాలీఅమైడ్ (నైలాన్ లాంటి ప్లాస్టిక్) పట్టీ, అంటే థర్మల్ బ్రేక్, తప్పదు. చెన్నైలో దానికి ఇంకో కారణమూ ఉంది. ఉక్కపోత రాత్రుల్లో బయటి గాలి మంచుబిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీలు దాటుతుంది. ఏసీ 22లో ఉంటే మామూలు అల్యూమినియం ఫ్రేముకు బయటివైపు చెమ్మ పడుతుంది, దాంట్లో ఉప్పు కరిగి పూతను కొరుకుతుంది. పౌడర్ కోటింగ్ 60 మైక్రాన్లకు తగ్గకూడదు. స్క్రూలు, బందులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి, 304 సముద్రం దగ్గర మరకలు తేలుతుంది.

టేకు చెడ్డదేం కాదు. కానీ పడమటి ఎండకు పాలిష్ త్వరగా పోతుంది, వానల్లో రెక్క ఉబ్బి పట్టేస్తుంది. ఏటా చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే.

కొత్తిల్లు_నీలాంకరై:
గాజు సంగతేంటి? స్లైడింగా, తెరిచే రెక్కా?

చట్రం:
అసలు వేడంతా గాజు గుండానే. మీ కిటికీ రెండున్నర చదరపు మీటర్లు. సాయంత్రం ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు అనుకుంటే, మామూలు గాజు (సౌర గుణకం, అంటే ఎండ వేడిలో లోపలికి వదిలే వంతు, 0.8) 1,200 వాట్లు లోపలికి వదులుతుంది, 0.3 గుణకం ఉన్న లో-ఈ గాజు (వేడిని తిప్పికొట్టే పూత ఉన్నది) 450. సాయంత్రం ఎండ వాలుగా పడుతుంది, సజ్జ ఆపలేదు, బయట వెదురు తెర కట్టండి.

రెక్క తెరిచేదే పెట్టించండి, రబ్బరు చుట్టూ నొక్కుకుంటుంది. స్లైడింగ్ బ్రష్ సీలు గాలివానను అంతగా ఆపదు. కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 చెన్నైకి చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, బెంగళూరుకు 33. వెడల్పు 6 అడుగులు కదా, ఒకే రెక్క వేస్తే బందులు జారతాయి. మధ్యలో నిలువు కమ్మీ పెట్టి రెండు రెక్కలు చేయించండి, దోమతెర లోపలివైపు వస్తుంది.