నేపియర్ గడ్డి: ఆవులు కాడలు వదిలేస్తున్నాయి, తప్పు యూరియాదేనా?

హొసకోటె పాడి: నాకు ఆరు ఆవులు. బయట రైతు దగ్గర టన్ను లెక్కన నేపియర్ పచ్చిమేత కొంటున్నా. మూడు వారాలుగా ఆవులు ఆకు మేసి కాడలు వదిలేస్తున్నాయి. రోజుకు నాలుగు లీటర్ల పాలు తగ్గాయి. యూరియా దట్టించిన గడ్డి ఇంతే. పండించేవాళ్లకు ఆవుల గోడు పట్టదు.

ఆనేకల్ రైతు: అన్నా, కాడ వదిలేస్తున్నాయంటే గడ్డి ముదిరింది. నాటాక మొదటి కోత 75 రోజులకు, ఆ తర్వాత 45 రోజులకోసారి. అది దాటితే ప్రొటీన్ తగ్గి పీచు పెరుగుతుంది. యూరియాలో ఉండేది నత్రజనే, అది సరిగా వేస్తే ప్రొటీన్ పెరుగుతుంది కూడా. మీ గడ్డి ఎంత ఎత్తుంది?

హొసకోటె పాడి: మనిషి మునిగేంత. అయినా యూరియా మాట వదలను. పోయిన వేసవిలో ఇలాంటి మేతే తిని మా పెయ్య ఆయాసంతో కూలబడింది. రక్తం కాఫీ రంగులో ఉంది, మేతలోని నైట్రేట్ విషమైంది అన్నారు డాక్టరు గారు.

ఆనేకల్ రైతు: యూరియా వేసి, తడి ఇవ్వక పైరు వాడితే నైట్రేట్ కాడ అడుగున పేరుకుంటుంది. ఎండబెట్టినా పోదు. అందుకే జానెడు వదిలి కోయాలి. ఎరువు ఒక్కదాన్నే తిడితే ఎలా?

వర్తూరు అక్క: నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? మురుగు కలిసే చెరువు పక్క గడ్డి ఎంత పచ్చగా ఉన్నా అందులోకి సీసం లాంటి భారలోహాలు చేరతాయి. 2017లో బెంగళూరులో మా పక్కనే ఉన్న, మురుగు నిండిన బెళ్లందూరు చెరువులో మంటలు లేచాయి, గుర్తుందా?

హొసకోటె పాడి: అక్కా, నాకొచ్చేది బోరు నీటి గడ్డి. నేను అడిగేది యూరియా గురించి!

ఆనేకల్ రైతు: యూరియా, యూరియా! నేనూ గడ్డి అమ్మేవాడినే. మీరు డబ్బిచ్చేది బరువుకు. 45 రోజులకు కోస్తే బరువు రాదు. లేత గడ్డికి టన్నుకు కాస్త ఎక్కువ ఇవ్వమంటే నా దగ్గర కొనేవాళ్లు పక్క తోటకు పోయారు. ముదరనివ్వక ఏం చేయను?

హొసకోటె పాడి: డెయిరీలో వెన్న శాతం చూసి నాకు పైసలు కోస్తారు. ఎక్కువ ధర ఎక్కడి నుంచి తేను?

కొత్త సభ్యుడు: టన్ను వదిలి ఎకరం లెక్కన మాట్లాడుకోకూడదా? కోసే రోజు ఆవులున్నవాళ్లే చెప్తారు.

ఆనేకల్ రైతు: దానికి నేను సిద్ధం. కూలి ఎవరిదో ముందే తేలాలి.

హొసకోటె పాడి: కూలి నాది. యూరియా ఎప్పుడు వేశారో, ఎన్ని తడులిచ్చారో మాత్రం నాకు చెప్పాలి.