గుట్ట మీంచి దెబ్బ తగిలిన మనిషిని దించడానికి ఒంటి చక్రం స్ట్రెచర్ ఎవరైనా వాడారా?

మాది హనుమకొండ. సెలవు దొరికితే భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలు, ములుగు అడవి బాటలు తిరుగుతుంటాం. పోయిన నెల మావాడొకడు తడి బండ మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. 108 తారురోడ్డు దాకానే రాగలదు. దుప్పటికి రెండు వెదురు కర్రలు కట్టి ఆరుగురం మోశాం. ముడి జారి కాలు బండకు తగిలినప్పుడు వాడు పెట్టిన కేక ఇంకా చెవుల్లోనే ఉంది.

బుట్టలాంటి స్ట్రెచర్ కింద ఒక్కటే లావు టైరు బిగించే రకం ఉంటుంది కదా. బరువు చక్రం మీద పడుతుంది, ముందూ వెనకా పట్టుకుని బ్యాలెన్స్ చేస్తే చాలు. మరి దిగుడులో బ్రేక్ లేకుంటే ఎట్లా? మన బండరాళ్ల మీద, వానాకాలం బురదలో నడుస్తుందా? పాత బైక్ చక్రంతో వెల్డింగ్ షాపులో చేయించొచ్చా, లేక అది పిచ్చి పనా? విడదీసి ఇద్దరు భుజాన వేసుకునేలా ఉండాలి. వాడినవాళ్లు కాస్త చెప్పండి.