హైదరాబాదు ఫ్లాటులో తొలి పగడాల ట్యాంకు: మొదలుపెట్టే ముందు కొన్ని సందేహాలు

ప్రశ్న: ఏంజెల్‌చేప, హైదరాబాదు

నమస్కారం. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో మంచినీటి ఆక్వేరియాలు నడుస్తున్నాయి. నీటి మార్పిడి, ఫిల్టరు శుభ్రం చేయడం, అమ్మోనియా పరీక్ష వంటివి నాకు కొత్త కావు గానీ ఉప్పునీటి జోలికి మాత్రం ఇంతవరకు వెళ్లలేదు. గత ఏడాది అండమాన్‌లో అద్దపు అడుగున్న పడవలో కూర్చుని పగడాలను చూసినప్పటి నుంచి, వాటిలో చిన్న రకాలనైనా ఇంట్లో పెంచాలనే కోరిక నన్ను వదలడం లేదు.

మా ఫ్లాటు కూకట్‌పల్లిలో, నాలుగో అంతస్తులో ఉంది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తుతో ట్యాంకు చేయించి, దాని స్టాండులోనే సంప్ (ఫిల్టరు సామాను ఉండే రెండో చిన్న ట్యాంకు) పెట్టాలని అనుకుంటున్నాను. లెక్క ప్రకారం అంచుల దాకా 182 లీటర్లు పడుతుంది. నీటికి మా వంటింటి ఆర్‌ఓ సరిపోతుందా? దాని టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాములలో) 60 చూపిస్తోంది. మా అత్తగారిది విశాఖపట్నం కాబట్టి, వీలైతే అక్కడి నుంచే సముద్రపు నీరు, ఇసుక క్యాన్లలో తెచ్చుకోవచ్చునని మా ఇంట్లో అంటున్నారు. నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లరు ధర మిగతా సామాను మొత్తం ధరకు దగ్గరగా ఉంది. అది లేకుండా ఫ్యాన్లతో నెట్టుకురావడం సాధ్యమేనా?

ఇంకొక విషయం. నేను వెళ్లిన ఒక దుకాణంలో, రామేశ్వరం నుంచి వచ్చిన లైవ్ రాక్ (జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాయి) 20 కిలోలు, రెండు గట్టి పగడాలు, ఒక ఎనిమోన్ (క్లౌన్ చేపలు ఆశ్రయం పొందే, పువ్వులాంటి సముద్ర జీవి), దానితో పాటు జత క్లౌన్ చేపలు ఇస్తామని, వారం రోజుల్లో అన్నీ ట్యాంకులో వేసుకోవచ్చునని చెప్పారు. మంచినీటి అనుభవంతో చూసినా ఆ వారం రోజుల మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

జవాబు: నీటితోట, హైదరాబాదు

మీ అనుమానం సరైనదే. మీరు అడిగిన వరుసలో కాకుండా, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఏది తేల్చుకోవాలో ఆ వరుసలో చెబుతాను. నా ట్యాంకు కూడా ఇంచుమించు మీరు అనుకుంటున్న కొలతే, పదకొండేళ్లుగా నడుస్తోంది.

ముందుగా నీరు. ఇళ్లలో వాడే ఆర్‌ఓ యంత్రాలలో చాలావాటికి, నీటికి రుచి రావడం కోసం వడకట్టిన నీటిలో కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. మీకు కనిపిస్తున్న 60లో ఎక్కువ భాగం అలా కలిసిందే అయి ఉండవచ్చు. తాగడానికి అది మంచిదే. ట్యాంకుకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరొక్కటే, అందులో కరిగి ఉన్నవన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఎండాకాలంలో రోజుకు 4 లీటర్లు ఆవిరై, ఆ లోటును మీరు 60 టీడీఎస్ నీటితో భర్తీ చేస్తే, రోజుకు 240 మిల్లీగ్రాముల చొప్పున నెలకు 7 గ్రాములకు పైగా ఏమిటో తెలియని లవణాలు చేరుతాయి. వాటిలో నైట్రేటు, సిలికేటు, ఫాస్ఫేటు ఉంటే నాచు విపరీతంగా పెరుగుతుంది, రాగి ఉంటే నత్తలు, రొయ్యలు బతకవు. కాబట్టి విడిగా ఒక ఆర్‌ఓ, దాని చివర, మిగిలిన లవణాలను కూడా పీల్చేసే డీఐ రెజిన్ గొట్టం పెట్టుకుని, మీటరు 0 చూపించే నీటినే వాడండి. బయటికి పోయే వృథా నీటిని మేము ఇల్లు తుడవడానికి వాడుకుంటాము.

ఉప్పు విషయంలో, ఆక్వేరియం కోసమే తయారైన సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాముల చొప్పున విడి డ్రమ్ములో కలిపి, పంపుతో బాగా తిప్పి, తేటపడిన తర్వాత కొలవాలి. వెయ్యికి 35 పాళ్ల ఉప్పదనం, అంటే 1.026 దగ్గర సాంద్రత మన లక్ష్యం. తేలే గాజు హైడ్రోమీటరు కంటే, కాంతి వంగే తీరును బట్టి ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు నమ్మదగినది. దానిని కూడా మామూలు నీటితో కాక 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. జీవాలున్న ట్యాంకులో ఎప్పుడూ నేరుగా ఉప్పు పోయకండి. నీటిమట్టం తగ్గినప్పుడు కలపవలసింది మంచినీరే, ఉప్పునీరు కాదు. మంచినీటి ట్యాంకుల నుంచి వచ్చినవారు తరచుగా పొరపడేది ఇక్కడే.

ఇక వేడి. పగడాల కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలే వాటికి ఆహారంలో పెద్ద భాగాన్ని సమకూరుస్తాయి. నీరు అలవాటైన వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉన్నా, పగడాలు ఆ శైవలాలను బయటికి వదిలేసి తెల్లబడతాయి. 1998, 2010, 2016 వేసవుల్లో మన దేశపు పగడపు దిబ్బలకు జరిగింది ఇదే. రోహిణి కార్తెలో మన ఫ్లాటులో తలుపులు మూసిన గది 35 డిగ్రీలు దాటుతుంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్లు బాగానే పనిచేస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది కనుక, నా ట్యాంకులో ఫ్యాన్లతో మూడు డిగ్రీలు దిగేది. అయినా 31, 32 దగ్గరే ఆగిపోయేది. మనకు కావలసింది 25, 26. అందువల్ల చిల్లరు కొనే డబ్బు సమకూరేవరకు ఆగడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కొన్నాక దానిని స్టాండులో బిగించకుండా గాలి తగిలే వసారాలో పెట్టండి, లేకపోతే అది నీటిలోంచి తీసిన వేడినంతా అదే గదిలోకి వదులుతుంది.

కరెంటు గురించి నేను నా నష్టంతో నేర్చుకున్నాను. రెండో ఏడాది మే నెలలో ఒక రాత్రి నాలుగు గంటలు కరెంటు పోయింది. మా ఇన్వర్టరు గదుల ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే కలిపి ఉంది. తెల్లవారి చూస్తే మూడు చేపలు చనిపోయి ఉన్నాయి. 26 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 8.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, సముద్రపు నీటిలో 6.6 మాత్రమే కరుగుతుంది. వేడి పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. అంటే మంచినీటి ట్యాంకులో ఉన్నంత వ్యవధి ఇక్కడ మనకు ఉండదు. నీటిని కదిలించే వేవ్‌మేకరు ఒకదానినైనా ఇన్వర్టరు లైనుకు కలపండి, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. ట్యాంకు సాకెట్లన్నింటికీ 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ఉప్పునీరు మంచినీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది.

రాళ్లు, నీరు సిద్ధమైన తర్వాత అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాములకు తెచ్చి వదిలేయండి. దానిని వాడుకునే బాక్టీరియా రాళ్ల మీద పెరగడం కోసమే ఇది, దీనినే సైకిల్ అంటారు. ఆ మోతాదంతా ఒక్క రోజులో మాయమయ్యే స్థితి వచ్చేదాకా, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్క జీవాన్ని కూడా వేయకండి. తర్వాత గోధుమరంగు డయాటములు (సూక్ష్మ శైవలాలు), ఆపైన పచ్చటి జుట్టు నాచు వస్తాయి. మూడు నాలుగు నెలలు ట్యాంకు చూడడానికి బాగుండదు. ఆ సమయంలోనే చాలామంది విసిగిపోయి ఏవేవో మందులు పోస్తారు. నత్తలను వేసి, వారానికి పది శాతం నీరు మార్చుతూ, మేత తగ్గించి ఓర్చుకుంటే అది దానంతటదే సర్దుకుంటుంది.

జవాబు: యారాడకొండ, విశాఖపట్నం

నీటితోట గారు చెప్పినదానికి మా ఊరి సంగతులు కొన్ని కలుపుతాను.

విశాఖ నీటిని క్యాన్లలో తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. ఓడరేవు, కర్మాగారాలు ఉన్న తీరంలో ఏ రోజు నీటిలో ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. దానికి మించి, బంగాళాఖాతపు పైనీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వర్షాకాలం తర్వాత నదులు మోసుకొచ్చిన మంచినీటిని తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తీసుకొస్తుంది. నేను మార్చిలో కొలిచినప్పుడు 34 వచ్చిన చోటే అక్టోబరులో 27 వచ్చింది. మన తీరంలో మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో ఉన్నంతటి పగడపు దిబ్బలు ఏర్పడకపోవడానికి ఈ నదుల నీరు, అవి తెచ్చే ఒండ్రు ముఖ్య కారణాలు. ఇక క్యాన్లలో ఒక రాత్రి ప్రయాణం చేస్తే ఆ నీటిలోని సూక్ష్మజీవులు చనిపోయి కుళ్లడం మొదలుపెడతాయి.

ఇసుక అసలే వద్దు. మా తీరపు ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్, మాగ్నటైటు వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. అయస్కాంతం పెట్టి చూస్తే నల్లటి రేణువులు దానికి అంటుకుంటాయి. అవి పంపుల అయస్కాంతాల మీద పేరుకుని వాటిని అరగదీస్తాయి. కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన అరగొనైటు ఇసుకను కొనుక్కుని, రెండు సెంటీమీటర్ల మందాన పరిస్తే చాలు.

ఫ్యాన్ల గురించి ఒక మాట. తేమ ఎక్కువగా ఉండే మా ఊళ్లో వాటితో ఒక డిగ్రీకి మించి తగ్గదు. తీరప్రాంతం నుంచి ఇది చదువుతున్నవారు హైదరాబాదు లెక్కను తమకు వర్తింపజేసుకోకూడదు.

బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును కాబట్టి చెబుతున్నాను. మీ ట్యాంకులో నీరు సుమారు 165 కిలోలు, గాజు 40, రాళ్లు, ఇసుక 35, సంపులోని నీరు 50, స్టాండు మరో 40, అన్నీ కలిపితే 330 కిలోలు. ఇది 0.4 చదరపు మీటర్ల మీద నిలుస్తుంది. నివాస గృహాల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల భారానికి లెక్కకడతారు. ఆ లెక్క గది మొత్తానికి వర్తించేది కాబట్టి ఈ ట్యాంకును పెట్టనే కూడదని అర్థం కాదు. కింద బీము ఉన్న గోడ పక్కన, స్తంభానికి దగ్గరగా పెట్టండి. గది మధ్యలో గానీ, బయటికి పొడుచుకు వచ్చిన బాల్కనీలో గానీ పెట్టకండి.

జవాబు: పగడపుదీవి, చెన్నై

నేను సముద్ర జీవశాస్త్రం చదువుకున్న తెలుగువాడిని. పై ఇద్దరూ చెప్పినదంతా పాటించినా, ఆ దుకాణం నుంచి ఆ రాళ్లు, ఆ పగడాలు కొన్నారంటే మీరు చేసేది నేరమవుతుంది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నింటినీ, వాటితో పాటు నల్ల పగడాలను, అగ్ని పగడాలను, ఆర్గన్ పైప్ పగడాన్ని, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. కనీస శిక్ష మూడేళ్ల జైలు. లైవ్ రాక్ పేరుతో అమ్మేది చాలాసార్లు పగడాల అస్థిపంజరమే కనుక అది కూడా ఈ పరిధిలోకే వస్తుంది. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా రక్షిత జీవులే.

చట్టం భయం కోసం మాత్రమే ఇది చెప్పడం లేదు. రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకు ఉన్న మన్నార్ సింధుశాఖ జాతీయ సముద్ర పార్కులోని 21 దీవులలో రెండు ఇప్పటికే నీట మునిగిపోయాయి. సున్నం కోసం, కట్టడాల కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వుకుపోవడం దానికి ప్రధాన కారణం. మన గదిలో అందం కోసం ఆ దిబ్బ నుంచి ఇంకొక్క రాయి కూడా కదలకూడదు.

అలాగని మీ కోరికను వదులుకోనక్కరలేదు. పొడి సిరామిక్ రాళ్లతో గానీ, సిమెంటుతో పోసిన కృత్రిమ రాళ్లతో గానీ దిబ్బను కట్టుకోండి, బాక్టీరియాకు అంతే చాలు. సిమెంటు రాళ్లను మాత్రం, నీటి పీహెచ్ పెరగడం ఆగేవరకు వారాల తరబడి నానబెట్టాలి. పగడాల విషయంలో మెత్తటి పుట్టగొడుగు పగడాలు, తోలు పగడాలు, జోయాంథిడ్లు (చిన్న పువ్వుల్లా గుంపుగా పెరిగే జీవులు) ఆ షెడ్యూలులోని గట్టి పగడాల కోవలోకి రావు. వాటిని సముద్రం నుంచి తీసినవి కాక, ఇతరుల ట్యాంకులో పెరిగిన ముక్కలుగా తీసుకోండి. దిగుమతి అయినవంటే బిల్లు, అనుమతి పత్రాలు చూపించమని అడగండి. ఇవి సున్నపు అస్థిపంజరం కట్టవు కాబట్టి కాల్షియంను పెద్దగా లాగవు. నీటి మార్పిడితోనే క్షారతను 8, 9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య నిలకడగా ఉంచవచ్చు. తొలి ట్యాంకుకు ఇంతకంటే అనువైనవి లేవు.

జోయాంథిడ్లతో ఒక జాగ్రత్త. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే అతి ప్రమాదకరమైన విషం ఉంటుంది. ముక్కలు చేసేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. అవి పెరిగిన రాయిని ఎట్టి పరిస్థితిలోనూ వేడినీటిలో మరిగించవద్దు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆస్పత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో పిల్లలుంటే వారికీ చెప్పండి.

ప్రశ్నించినవారు: ఏంజెల్‌చేప, హైదరాబాదు

ముగ్గురికీ కృతజ్ఞతలు. షెడ్యూలు సంగతి నాకు నిజంగా తెలియదు. ఆ దుకాణంవారికి వద్దని చెప్పేశాను. సముద్రపు నీటి ఆలోచన కూడా మానుకున్నాము. చిల్లరు కోసం ఆరు నెలలు డబ్బు కూడబెట్టి, దీపావళి తర్వాత ట్యాంకు చేయిస్తాను. ఈలోగా ఆర్‌ఓ, డీఐ, రిఫ్రాక్టోమీటరు కొంటాను. ఒక్క సందేహం మిగిలింది. ఎనిమోన్ లేకపోతే క్లౌన్ చేపలు ఇబ్బంది పడవా?

జవాబు: పగడపుదీవి, చెన్నై

పడవు. ఎనిమోన్ వాటికి శత్రువుల నుంచి రక్షణ, మీ ట్యాంకులో శత్రువులు ఉండవు. పైగా కొత్త ట్యాంకులో ఎనిమోన్ కుదురుగా ఉండదు, జరుగుతూ వెళ్లి పంపులో చిక్కుకుని చనిపోతే ఆ ఒక్కదానితో నీరంతా పాడవుతుంది. క్లౌన్ చేపలను మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు విళింజం, మండపం కేంద్రాలలో గుడ్ల దశ నుంచి పెంచే పద్ధతిని సాధించారు. కాబట్టి హేచరీలో పుట్టినవే కావాలని పట్టుబట్టండి. అవి మేతకు త్వరగా అలవాటు పడతాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. అన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి, జతలో పెద్దది ఆడదిగా మారుతుంది.

అయితే వాటిని నేరుగా ట్యాంకులో వదలకుండా, అడుగున ఇసుక లేని చిన్న గాజు పెట్టెలో, దాక్కోవడానికి ఒక పీవీసీ గొట్టం ముక్క వేసి, నాలుగు వారాలు విడిగా ఉంచండి. తెల్లమచ్చల జబ్బుకు రాగి మందు పనిచేస్తుంది గానీ, ఆ మందును పగడాలున్న ట్యాంకులో పోయలేము. జబ్బు ఒకసారి లోపలికి వెళ్లిందంటే చేపలన్నింటినీ బయటికి తీసి, రెండున్నర నెలలు ట్యాంకును చేపలు లేకుండా ఖాళీగా ఉంచవలసి వస్తుంది. ఆ గాజు పెట్టెను ఇప్పుడే కొని, మీ సంపులో పెట్టబోయే స్పాంజి ముక్కను ఒకటి దీని కోసం అదనంగా తెచ్చుకోండి. ట్యాంకు సైకిల్ నడిచేటప్పుడే ఆ స్పాంజిని సంపులో నానబెడితే, చేపలు వచ్చేనాటికి ఆ చిన్న పెట్టెకు కూడా ఫిల్టరు సిద్ధంగా ఉంటుంది.